పింగాణి పళ్ళెములపై రష్యా సిపాయి

1717 వ సంవత్సరమున ఐరోపాలో ఒక వింత బేరము జరిగెను. సాక్సనీ ప్రభువైన అగస్టసు చీనా పింగాణి పాత్రలపై తీరని మోజు గలవాడు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ విలియము పొడగరి సిపాయిలపై అంతటి మోజు గలవాడు. ఒకరి యింట నున్నది రెండవవారికి కావలసివచ్చినది. అగస్టసు తన సైన్యములోని 600 మంది అశ్వికులను అప్పగించి, ప్రష్యా రాజు వద్దనున్న 151 పింగాణి పాత్రలను పుచ్చుకొనెను. లెక్క చూచినచో ఇంచుమించు నలుగురు మనుష్యులకు ఒక పాత్ర! ఆ బేరములో వచ్చిన పెద్ద జాడీలను డ్రెస్డెన్ నగరములో నేటికిని 'డ్రాగూను జాడీ' లనియే పిలుచుచున్నారు. డ్రాగూను అనగా గుఱ్ఱపు సిపాయి. ప్రష్యాకు పోయిన ఆ సిపాయిలతో ఏర్పడిన దళమునకు 'పింగాణి దళ' మను పేరు పడినది.

పింగాణికిని సైన్యమునకును ఈ విధముగా మొదలైన చుట్టరికము రష్యాదేశములో వేరొక రూపము దాల్చెను. అక్కడ సిపాయిలనిచ్చి పాత్రలను కొనలేదు. సిపాయిలనే పాత్రలపైకి ఎక్కించిరి. 19 వ శతాబ్దములో సెంటు పీటర్సుబర్గులోని జారు చక్రవర్తుల కర్మాగారమునుండి వెలువడిన 'సైనిక పళ్ళెములు' నేడు లోకమునందలి మ్యూజియములలోను, ధనవంతుల బీరువాలలోను ఉన్నవి. వేలములలో వాటికొరకు పోటీ పడుచున్నారు. ఆ పళ్ళెములు చెప్పునదేమి, చెప్పక దాచునదేమి అని కొంచెము పరిశీలింతము.

ముందుగా ఒక మాట ముచ్చట. రష్యనులు పింగాణిని 'ఫర్ఫోర్' అందురు. అది తురుష్కుల ద్వారా వారికి చేరిన పారసీకపు మాట. పారసీకులు చీనా చక్రవర్తిని 'ఫగ్ఫూర్' అని పిలిచెడివారు. దాని ప్రాచీనరూపము 'బగపుత్ర', అనగా దేవుని కుమారుడు. మన 'భగ', 'పుత్ర' శబ్దములు ఆ మాటలో అన్నదమ్ములవలె కనబడుచున్నవి గదా! చీనా చక్రవర్తి బిరుదమే చివరకు ఆ దేశపు పాత్రకు పేరై, పీటర్సుబర్గు వంటయింటివరకు నడిచిపోయెను.

ఈ పాత్రల రహస్యమును చీనావారు వందల యేండ్లు తమవద్దనే ఉంచుకొనిరి. తెల్లగా ఉండవలెను, పలుచగా ఉండవలెను, వెలుగునకు అడ్డముగా పట్టిన నీడ తెలియవలెను, గోటితో మీటిన గంటవలె మ్రోగవలెను. ఐరోపాలో దీనిని మొదట సాధించినవాడు ఆ సాక్సనీ అగస్టసు నిర్బంధములో నుంచిన బోట్గరు అను రసవాది. రాగిని బంగారము చేయుమని బంధించినచో, 1708 ప్రాంతమున పింగాణి చేసియిచ్చెను. మైసెన్ కర్మాగారము 1710 లో వెలసెను. ఇంకేమి, ప్రతి రాజునకును తనదంటూ ఒక పింగాణి కొలిమి లేకున్న పరువు తక్కువ యనిపించెను.

రష్యాలో ఎలిజబెత్తు చక్రవర్తిని 1744 లో పీటర్సుబర్గున కర్మాగారమును స్థాపించెను. హుంగరు అను నొక విదేశీయుడు రహస్యము తనకు తెలియునని చెప్పి జీతము పుచ్చుకొని, కొన్ని సంవత్సరములు గడపి, పనికివచ్చు పాత్ర యొక్కటియు చేయలేకపోయెను. అసలు పని చేసినవాడు ద్మీత్రి వినోగ్రాదవ్. ఈయన సుజ్దల్ పట్టణపు వాడు. 1736 లో ప్రభుత్వమువారు జర్మనీకి చదువునకు పంపిన ముగ్గురు విద్యార్థులలో ఒకడు. ఆ ముగ్గురిలో మరియొకడు రష్యా శాస్త్రమునకు పితామహుడనదగిన లొమొనోసవ్. గనుల శాస్త్రము చదివి తిరిగివచ్చిన వినోగ్రాదవును హుంగరు చెంత శిష్యునిగా నుంచిరి. గురువునకు తెలిసినది ఏమియు లేదని శిష్యునకు త్వరలోనే తెలిసిపోయెను.

మాస్కో సమీపమునందలి గ్జేల్ గ్రామపు మట్టిని తెప్పించి, కడిగి, జల్లించి, చెకుముకిరాతి పొడిని ఏయే పాళ్ళలో కలుపవలెనో వ్రాసికొనుచు, కాల్చినది పగిలినచో మరల కాల్చుచు, 1747 నాటికి వినోగ్రాదవ్ నిజమైన పింగాణిని సాధించెను. కొలిమి చిన్నది గనుక మొదట నస్యపు డబ్బీలు, గుండీలు, చిన్న గిన్నెలు మాత్రమే చేయగలిగిరి. పని యింత గొప్పదైనను పనివానికి సుఖము లేకపోయెను. అతనికి త్రాగుడు అలవాటు కలదని, పారిపోవునేమో యని, రహస్యమును అన్యులకు అమ్మివేయునేమో యని అధికారులు అనుమానించిరి. కాపలా పెట్టిరి. సంకెల వేసిరి. కొలిమి ప్రక్కననే పడుకొనవలసిన దినములు కూడ వచ్చెను. తాను కనుగొన్న పద్ధతులనన్నింటిని వ్రాసియిచ్చి, 1758 లో, 40 యేండ్లైనను నిండకముందే మరణించెను. రష్యా పింగాణి చరిత్రలో కాపలా సిపాయి బొమ్మగా రాకముందే మనిషిగా వచ్చి నిలుచున్నాడని చెప్పవలెను.

తరువాతి ఘట్టము కేథరిన్ చక్రవర్తిని కాలమున. తురుష్కులతో ఆమె చేసిన యుద్ధములలో విజయము కలిగినప్పుడు, ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ 1772 లో బెర్లిను కర్మాగారమునుండి ఒక పెద్ద విందు సామగ్రిని కానుకగా పంపెను. బల్ల నడుమ సింహాసనముపై కేథరిన్ బొమ్మ, చుట్టును ఆమె ప్రజలు, బందీలైన తురుష్కులు. ఇట్టి కానుక చూచిన తరువాత ఊరకుండుట ఆమె స్వభావము కాదు. మాస్కో దగ్గర వెర్బిల్కి గ్రామమున 1766 లో పింగాణి కర్మాగారమును పెట్టిన ఫ్రాన్సిస్ గార్డనరు అను ఇంగ్లీషు వర్తకునకు కబురు పంపెను. యుద్ధమున పరాక్రమము చూపినవారికిచ్చు సెంటు జార్జి బిరుదము పేరిట ఒక విందు సామగ్రి, మరి మూడు బిరుదముల పేరిట మరి మూడు సామగ్రులు 1777 నుండి 1785 వరకు తయారైనవి. పళ్ళెము నడుమ బిరుద నక్షత్రము, అంచు చుట్టును నారింజ నలుపు చారల పట్టీ. ఆ బిరుదము పొందిన వారికి సంవత్సరమునకొకసారి శీతకాల సౌధమున విందు చేసి, ఈ పళ్ళెములలో వడ్డించెడివారు. చూచుటకు చాల సొగసైనవి. కాని వీటిలో మనిషి లేడు, పతకమే యున్నది.

మనిషి రూపు పళ్ళెమునకు ఎక్కుట నెపోలియను యుద్ధముల తరువాతి మాట. 1812 లో నెపోలియను మాస్కో చేరుట, నగరము తగులబడుట, ఆయన మహాసేన మంచులో నశించుట, 1814 లో రష్యా దళములు పారిసు నగరమున ప్రవేశించుట అందరు ఎరిగినవే. గెలిచిన రాజ్యములన్నియు తమ సైన్యములను చూచి తామే మురిసికొన్న కాలమది. బెర్లిను కర్మాగారము సేనాపతుల కొరకు యుద్ధ చిత్రముల పళ్ళెములు చేసెను. వాటిలో ఒక గొప్ప సామగ్రి వెల్లింగ్టను ప్రభువునకు ముట్టినది. ఈయన వాటర్లూకు చాల ముందు, 1799 లో శ్రీరంగపట్టణము వద్దను, 1803 లో నేటి మహారాష్ట్రమందలి అస్సాయె వద్దను మన గడ్డమీద కత్తి తిప్పినవాడే. ఆ రెండు చోట్లకు దగ్గరగా నివసించు మన పాఠకులు కొందరుందురు.

రష్యాలో సేనాపతులకు పటములు, సిపాయిలకు పళ్ళెములు అని ఒక పంపకము జరిగినట్లు తోచును. శీతకాల సౌధములో 1826 లో 'సైనిక చిత్రశాల' తెరచిరి. జార్జి డా అను ఇంగ్లీషు చిత్రకారుడు, అతని సహాయకులు 1812 యుద్ధమున పనిచేసిన 300 కు పైగా సేనానుల ముఖములను అందు చిత్రించిరి. ప్రతి ముఖము క్రిందను పేరు. ఇక పళ్ళెములపై చిత్రించిన సామాన్య సైనికునకు పేరు లేదు. పళ్ళెము వెనుక రష్యను లిపిలో వ్రాసినది అతని దళము పేరు.

ఈ పళ్ళెములు విరివిగా తయారైనది మొదటి నికొలాసు చక్రవర్తి కాలమున, అనగా 1825 నుండి 1855 వరకు. ఆయన సింహాసన మెక్కిన నాటి సంగతి గుర్తుంచుకొనవలెను. 1825 డిసెంబరు 14 వ తేదీన (వారి పాత పంచాంగము ప్రకారము) గార్డు దళములలో కొన్ని పీటర్సుబర్గు చౌకమున బారులు తీరి, ఆయనకు విధేయత ప్రమాణము చేయ నిరాకరించెను. సాయంకాలమునకు ఫిరంగులు ప్రేల్చి వారిని చెదరగొట్టిరి. మరుసటి సంవత్సరము ఐదుగురు నాయకులను ఉరితీసిరి. సైన్యమువలన భయము, సైన్యముపై ప్రేమ, రెండును ఒకే మనస్సులో ఇమిడిన రాజాయన. కవాతు మైదానమున గీత గీసినట్లు నిలిచిన దళమును చూచుటకంటె ఆయనకు వేరు ఆనందము లేదు. యుద్ధ చిత్రములు వ్రాయు సౌర్వైదు అను చిత్రకారుని చేరదీసి, పాత చిత్రపటములలోని శూన్యమైన మైదానములలో తానే సిపాయి బొమ్మలను చేర్చెడివాడని చెప్పుదురు. అట్టి ప్రభువునకు కర్మాగారమువారు ఏమి సమర్పింతురు? సంవత్సరమునకు రెండు పర్యాయములు, క్రిస్మసునకును ఈస్టరునకును, కర్మాగారపు మేలిమి వస్తువులను రాజసముఖమునకు తెచ్చుట ఆచారము. సైనిక పళ్ళెములు ఆ సమర్పణలకు తగిన వస్తువులైనవి.

పళ్ళెము కొలత సుమారు 9 అంగుళములు. నడుమ చిత్రము. ఒక దళమునకు చెందిన ఇద్దరు ముగ్గురు సైనికులు నిలుచుండియో, గుఱ్ఱములపైననో ఉందురు. వెనుక దూరముగా మరికొందరు, ఒక గుడారము, ఒక చర్చి శిఖరము, లేత నీలపు ఆకాశము. అంచంతయు బంగారము. ఆ బంగారములోనే రెండు తలల డేగలు, కిరీటములు, కత్తులు, జెండాలు.

దీని తయారీ కొంచెము చెప్పవలసియున్నది. ఎందుకనగా ఈ పని తెలియనిచో ఆ పళ్ళెముల వెల అర్థము కాదు. మట్టిని అచ్చుపై సారెమీద రూపుదిద్ది ఆరబెట్టి ఒకసారి కాల్తురు. మెరుగు పూసి, సుమారు 1400 డిగ్రీల వేడిలో రెండవసారి కాల్తురు. ఈ వేడికి నిలుచు రంగులు బహు కొద్ది. అందువలన చిత్రమును మెరుగుమీద లోహపు రంగులతో వ్రాసి, మరల తక్కువ వేడిలో కాల్తురు. ఇనుము ఎరుపునిచ్చును, కోబాల్టు నీలమునిచ్చును, క్రోమియము ఆకుపచ్చనిచ్చును. చిక్కు ఎక్కడనగా, కుంచెతో పూసినప్పటి రంగు వేరు, కొలిమినుండి వచ్చినప్పటి రంగు వేరు. చిత్రకారుడు కంటికి కనబడు రంగుతో గాక, రాబోవు రంగును మనస్సులో నుంచుకొని వ్రాయవలెను. ఒక చిత్రమునకు మూడు నాలుగు పర్యాయములు కొలిమి తప్పదు. ప్రతి పర్యాయమును పగులుట, బుడగలెత్తుట, రంగు చెదరుట సాధ్యమే. తుదకు బంగారము పూసి, కాల్చి, అకీకురాతి మొనతో రుద్దుదురు. రుద్దినచోట మెరయును, రుద్దనిచోట మసకగా నుండును. డేగ రెక్కలోని ఈకలన్నియు ఇట్లు రాతిమొనతో గీసినవే. మన కంసాలుల నగిషీ పనిని ఎరిగినవారు దీని ఓర్పును ఊహింపగలరు.

ఇక దుస్తుల విషయము. చిత్రకారులు ఊహించి వ్రాసినవి కావివి. సైన్యపు దుస్తులను కొలిచి గీసిన ముద్రిత చిత్రములు, ముఖ్యముగా కీల్ అను చిత్రకారుడైన సైనికాధికారి వ్రాసినవి, వారికి ఆధారములు. రష్యా పదాతి కోటు ముదురు ఆకుపచ్చ. గార్డులలో ప్రియొబ్రజెన్స్కీ దళమువారికి ఎర్రని కాలరు, సెమ్యోనొవ్స్కీ వారికి లేత నీలము, ఇజ్మయిలొవ్స్కీ వారికి ఎర్ర అంచుగల ఆకుపచ్చ. ఈ కాలరు వ్రేలెడు వెడల్పుకూడ లేని చోట చిత్రింపవలెను. రంగు కాస్త మారినచో దళమే మారిపోవును. చూచువాడు గుండీలు లెక్కపెట్టు ప్రభువాయెను! పావ్లొవ్స్కీ దళమువారు నెత్తిన ఎత్తైన ఇత్తడి రేకు టోపీ ధరింతురు. ఇతర దళములవారు ఆ పాత టోపీలను మానివేసినను, 1807 లో ఫ్రీడ్లాండు యుద్ధమున చూపిన శౌర్యమునకు గుర్తుగా, తూటాలు దూసికొనిపోయిన రంధ్రములతోడనే వాటిని ధరించు గౌరవము ఈ దళమువారికి లభించెను. పళ్ళెముపై ఆ టోపీ ధగధగ మెరయుచుండును.

ఈ చిత్రకారులలో సెమ్యోన్ దలాదుగిన్ పేరు తరచు వినబడును. ఆయన సంతకము గల పళ్ళెములకు వేలములలో గిరాకి హెచ్చు. పళ్ళెముపై నిలిచినది చిత్రకారుని పేరు, దళము పేరు, చక్రవర్తి ముద్ర. సిపాయి పేరొక్కటే లేదు.

ఆ సిపాయి ఎవడు? పల్లెటూరి బానిస రైతు బిడ్డ. 1793 నుండి సేనలో కొలువు 25 యేండ్లు, అంతకుముందు యావజ్జీవము. 1834 లో కొంత సడలించిరి. ఎన్నికైన వానికి ముందు తల వెండ్రుకలు గొరిగి వేసెడివారు. తిరిగివచ్చునన్న ఆశ లేనందున, ఊరి స్త్రీలు చనిపోయినవానికి ఏడ్చినట్లే ఏడ్చి సాగనంపెడివారు. సేనలో చేరినవానికి జమీందారుని బానిసత్వము తొలగునన్నది నిజమే. కాని బెత్తము తొలగదు. తప్పు చేసినవానిని రెండు బారులుగా నిలిచిన తోటి సిపాయిల నడుమ నడిపించి, ప్రతివానిచేతను కొట్టించెడివారు. ఆ దెబ్బలకు ప్రాణములు పోయినవారు ఎందరో. ఈ శిక్ష 1863 లో గాని రద్దు కాలేదు. అందుచేతనే ప్రజలు ఆ చక్రవర్తికి 'కఱ్ఱల నికొలాసు' అని పేరు పెట్టిరి. టాల్‌స్టాయి ఆ పేరుతోనే 1886 లో ఒక వ్యాసము వ్రాసెను.

పేరు పోయి గుంపు పేరు మిగులుట మన తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. 1757 ప్రాంతమున క్లైవు వెంట మద్రాసునుండి బంగాళమునకు పోయిన సిపాయిలలో తెలుగువారు ఉండిరి. నాటినుండి ఉత్తరదేశమున కంపెనీ సిపాయికి 'తిలంగా' అను పేరే స్థిరపడినది. 1857 లో ఢిల్లీ వీథులలో తిరిగిన అవధు సిపాయిలను కూడ జనులు 'తిలంగాలు' అనియే పిలిచిరి. పొట్టచేత పట్టుకొని పోయినవాని ఇంటిపేరు ఎవరు అడుగుదురు? తంజావూరు చిత్రకారులు దొరలకు వ్రాసియిచ్చిన పటములలో మాత్రము సిపాయి ప్రక్కన అతని భార్యను కూడ నిలిపిరి. పీటర్సుబర్గు చిత్రకారులకంటె వారు ఆ మేరకు దయగలవారని నాకు తోచుచున్నది.

గుండీల సైన్యమునకు పరీక్ష క్రీమియా యుద్ధమున వచ్చెను (1853-56). ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు గీతల గొట్టపు తుపాకులతో దూరమునుండి గురిచూచి కొట్టుచుండగా, రష్యా పదాతులలో ఎక్కువమంది చేత పాతకాలపు నున్నని గొట్టపు తుపాకులే యుండెను. కవాతులో ఎంత చక్కగా నిలుచుదురో యుద్ధములోను అంత చక్కగా నిలిచి కూలిరి. వారి ధైర్యమునకు లోటు లేదు. 11 నెలలు సెవస్టపోలు కోటను నిలిపినవారు వారే. ముట్టడి సాగుచుండగనే, 1855 లో, నికొలాసు మరణించెను. ఆయన కుమారుడు రెండవ అలెగ్జాండరు 1861 లో రైతుల బానిసత్వమును తొలగించి, 1874 లో అన్ని వర్గములవారికిని సైనిక సేవను విధించి, కొలువు కాలమును బాగుగ తగ్గించెను. సైనిక పళ్ళెములు ఆయన కాలమున కూడ తయారైనవి. మంచు, బురద, కోట గోడల క్రింది శవములు వాటిపైకి రాలేదు. పండ్లు వడ్డించు పళ్ళెముపై అవి రావలెనని కోరుట కూడ న్యాయము కాదేమో. దుస్తుల చరిత్ర వ్రాయువారికి ఇవి పరమ ప్రమాణములు. యుద్ధ చరిత్ర వ్రాయువారు మాత్రము వేరుచోట వెదకికొనవలెను.

పాత పింగాణిపై ఆసక్తిగల వారికి ఒక సూచన. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమున ఐరోపా పింగాణిని చూచినవారు పాత్రల ముందువైపు చూచి మురిసియుందురు. తెలిసిన వర్తకుడు పళ్ళెమును మొదట బోర్లించి చూచును. మొదటి నికొలాసు నాటి పళ్ళెము వెనుక మెరుగు క్రింద నీలముతో ఆయన పేరిలోని మొదటి అక్షరము, పైన కిరీటము ఉండును. ఆ అక్షరము చూచుటకు ఇంగ్లీషు 'హెచ్' వలె నుండును గాని రష్యను లిపిలో అది నకారము. అయితే మెరుగు క్రింది ముద్ర తెల్లని పళ్ళెమునకే సాక్ష్యము, పై చిత్రమునకు కాదు. చిత్రము మెరుగు మీదిది గనుక, తెల్లగా మిగిలిపోయిన పాత పళ్ళెము దొరికినచో దానిపై ఎప్పుడైనను ఎవరైనను సిపాయిని నిలుపవచ్చును. అట్లు నిలిపి అమ్మినవారును కలరు.

ఈ తెల్లని పళ్ళెముల కథకు ఇంకొక మలుపు కలదు. 1917 లో జారు ప్రభుత్వము కూలినప్పుడు, కర్మాగారపు కొట్లలో చిత్రములు వేయని తెల్ల పళ్ళెములు గుట్టలుగా పడియుండెను. 1918 లో కర్మాగారము క్రొత్త ప్రభుత్వపు విద్యాశాఖ క్రిందికి వచ్చెను. చెహోనిన్ అను చిత్రకారుడు కళా నాయకుడాయెను. క్రొత్త పళ్ళెములు చేయుటకు సామగ్రి లేదు. ఉన్నవాటిపైనే విప్లవ నినాదములు, ఎర్ర నక్షత్రములు, కొడవలి సుత్తులు, కమిస్సారులు వెలసిరి. 1921 లో అదమోవిచ్ వ్రాసిన పళ్ళెము ప్రసిద్ధమైనది. నడుమ లెనిను ముఖము, ప్రక్కన రేషను చీటీ ముక్కలు, అంచున 'పని చేయనివానికి తిండి లేదు' అను నినాదము. అది వోల్గా తీరమున ఘోరమైన కరవు వచ్చిన సంవత్సరము. ఆ పళ్ళెములలో తినుటకు అన్నము లేదు. వాటిని విదేశములలో అమ్మి ధనము తెచ్చుకొనిరి. తరువాతి యేండ్లలో జారుల కాలపు వస్తువులను కూడ విరివిగా అమ్మిరి. కేథరిన్ బిరుద పళ్ళెములలో కొన్ని అమెరికా రాయబారి భార్యయైన మార్జరీ పోస్టు కొనగా, నేడు వాషింగ్టనులోని హిల్‌వుడ్ మ్యూజియమున ఉన్నవి.

కర్మాగారమునకు 1925 లో లొమొనోసవ్ పేరు పెట్టిరి. 2005 లో మరల పాత 'చక్రవర్తి' పేరు వచ్చినది. వినోగ్రాదవ్ పేరు మాత్రము ఎన్నడును పెట్టలేదు. ఆ విప్లవ పళ్ళెములలో కొన్నింటిని బోర్లించి చూచినచో, జారు ముద్ర కనబడకుండ దానిపై గుండ్రముగా రంగు పులిమి, ప్రక్కన కొడవలి, సుత్తి, పండ్ల చక్రము వ్రాసియుండును. కొన్ని పళ్ళెములకు ఆ పాటి రంగు కూడ పూయలేదు. వాటి వెనుక కడపటి జారు రెండవ నికొలాసు అక్షరము, కిరీటము, సంవత్సరపు అంకెతో సహా, స్పష్టముగా చదువవచ్చును.